నాసి లెమాక్‌కి పోపు పెట్టకండి

మలేషియా వంట ఏదైనా ఇంట్లో చేశానని చెబితే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "అవన్నీ ఇక్కడెక్కడ దొరుకుతాయి?" బెలాచాన్ అనే పులిసిన రొయ్యల ముద్ద దొరకదు, వాసనకి వేసే పాండన్ ఆకు దొరకదు, అల్లంలాంటి లెంకువాస్ దుంప అంటే కూరగాయల కొట్టువాడు తెల్లమొహం వేస్తాడు, కాబట్టి మనకెందుకులే అని ఊరుకుంటారు. ఇంకో రకం వాళ్ళున్నారు. ఆన్‌లైన్‌లో కనిపించినవన్నీ ఆర్డర్ పెట్టి, డబ్బాలూ సీసాలూ ఇంటినిండా పేర్చుకుని, చివరికి సాంబల్ (మిరపకాయ ముద్దని నూనెలో వేయించి చేసేది) మాత్రం పది నిమిషాల్లో అయిపోవాలంటారు. నా పేచీ ఎక్కువగా ఈ రెండో రకంతోనే.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తా, తర్వాత కావాలంటే పోట్లాడుకుందాం. మలేషియా వంటలో సరుకు చాలావరకు మార్చుకోవచ్చు, అక్కడివాళ్ళే ఊరికో రకంగా మారుస్తారు. మార్చకూడనిది పని. ఎంతసేపు వేయించాలి, ఎప్పుడు ఆపాలి, ఏది వేయకుండా ఊరుకోవాలి, ఇవి మారితే మాత్రం పళ్ళెంలోకి వచ్చేది వేరే వంట. అది రుచిగా ఉండొచ్చు, కాదనను, కానీ దానికి ఈ పేరు పెట్టకండి.

ఉద్యోగాల మీద మేము కౌలాలంపూర్‌లో చాలా ఏళ్ళున్నాం. పక్క ఫ్లాటులో మలయ్ కుటుంబం, ఎదురుగా పెనాంగ్ నుంచి వచ్చిన చైనీస్ ముసలి దంపతులు, కింది అంతస్తులో రెండు తమిళ కుటుంబాలు. నేను వంట నేర్చుకున్నది పక్కింటావిడ దగ్గర. అక్కడ అక్కని కక్ అంటారు, బిల్డింగంతా ఆవిడని కక్ అనే పిలిచేది, నేనూ అంతే. ఆవిడకి కొలతలు తెలీవు, గడియారం చూసేది కాదు, మూకుడు వైపు చూసి "ఇంకా కాలేదు" అనేది, అంతే పాఠం. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాం, నెలకోసారైనా ఈ వంటలు చేసి ఎవరికో ఒకరికి పెడుతూనే ఉంటాను. ఆ పెట్టడంలోంచి పుట్టిన గొడవే ఈ వ్యాసం.

ముందు నాసి లెమాక్ సంగతి. కొబ్బరిపాలతో వండిన అన్నం, పక్కన సాంబల్, వేయించిన వేరుశెనగ గుళ్ళు, కరకరలాడే ఎండు చేపలు, కీరా ముక్కలు, ఉడికించిన గుడ్డు. ఇంత చెప్పగానే "ఓహో, మన కొబ్బరిపాల అన్నమే కదా" అంటారు. అనేసి ఊరుకోరు. మూకుట్లో నెయ్యి వేసి, లవంగాలు, దాల్చినచెక్క, పచ్చిమిర్చి, జీడిపప్పు వేయించి అందులో బియ్యం పోసేస్తారు. మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పెట్టిన నాసి లెమాక్ ఫొటోలో కరివేపాకు కూడా ఉంది. నిజం చెప్పాలంటే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ అది పులావు.

ఎందుకు పోపు వద్దంటున్నానంటే, ఆ అన్నం పని నోరుమూసుకుని కూర్చోవడం. కారం, తీపి, పులుపు, నీచు వాసన, అన్నీ సాంబల్ మోస్తుంది. అన్నం కమ్మగా, కాస్త ఉప్పగా ఉండాలి, మెతుకు విడివిడిగా ఉండాలి. దానికి రెండు గ్లాసుల బియ్యం కడిగి, ఒక గ్లాసు చిక్కటి కొబ్బరిపాలు, గ్లాసున్నర నీళ్ళు (పాత బియ్యమైతే ఇంకాస్త), ఒక చితక్కొట్టిన అల్లం ముక్క, ఉప్పు, ముడి వేసిన పాండన్ ఆకు, అంతే. రైస్ కుక్కర్‌లో పెట్టి, సగం ఉడికాక ఒకసారి అడుగునుంచి కలపాలి, లేకపోతే కొబ్బరిపాలు పైన తేలి అడుగు మాడుతుంది. పాండన్ ఆకు దొరక్కపోతే మానేయండి, కొంపలేం మునగవు. బాస్మతి బియ్యానికి ఆ వాసన ఏ పదార్థం వల్ల వస్తుందో పాండన్‌లోనూ అదే ఉంటుంది కాబట్టి సగం బాస్మతి కలిపితే పని జరిగిపోతుంది. ఆకు లేకపోవడం లోపం కాదు. లవంగాలు ఉండటం లోపం.

ఇక సాంబల్. ఇక్కడే అందరూ జారిపోతారు.

ఎండుమిరపకాయలు కత్తెరతో ముక్కలు చేసి, గింజలు దులిపేసి, వేడినీళ్ళలో మెత్తబడేదాకా నానబెట్టాలి. గింజలుంటే చేదు దిగుతుంది. మన గుంటూరు కాయ ఇందులోకి పనికిరాదని చెబితే మా ఇంట్లోనే ఒప్పుకోరు, కానీ లెక్క చూడండి, సాంబల్‌కి మిరపకాయే కూరగాయ లాంటిది, గుప్పెళ్ళకొద్దీ పడాలి. తేజ రకం గుప్పెళ్ళకొద్దీ వేస్తే ఎవరూ రెండో ముద్ద తినలేరు, కారం తట్టుకోలేక తగ్గిస్తే ముద్దే తయారుకాదు. ఘాటు తక్కువ, రంగూ కండా ఎక్కువ ఉన్న కాయ కావాలి. బ్యాడిగి సరిపోతుంది. నాకైతే వరంగల్ చపాటా మిర్చి ఇంకా నచ్చింది, అది చూడ్డానికే టమాటాలాగా బొద్దుగా ఉంటుంది. నానిన కాయల్ని చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, కాల్చిన బెలాచాన్ ముక్కతో కలిపి మెత్తగా రుబ్బాలి. అల్లంవెల్లుల్లి ముద్ద కాదు, ఫ్రిజ్‌లో ఉన్న ఆ డబ్బా వైపు చూడొద్దు.

తర్వాత నూనె. ఎక్కువే పడుతుంది, దీని గురించి మొహమాటపడొద్దు. సన్నసెగ మీద ఆ ముద్ద వేసి కలుపుతూ ఉండాలి. మొదటి పది నిమిషాలు ఎర్రగా, తడిగా, బుడగలు చిమ్ముతూ ఉంటుంది, గాలిలోకి ఘాటు లేచి దగ్గొస్తుంది. చాలామంది ఇక్కడే చింతపండు పులుసు పోసి దించేస్తారు, రంగు బాగుంది కదా అని. అప్పటికి లోపల మిరపకాయ పచ్చిగానే ఉంది. ఇంకో పది నిమిషాలకి నీరంతా పోయి ముద్ద బరువెక్కుతుంది, గరిటెకి అంటుకుంటుంది, అడుగంటుతుందేమో అని టెన్షన్ మొదలవుతుంది. సెగ ఇంకా తగ్గించి, ఓపికపట్టి కలిపితే, అరగంట దాటాక ఎర్రరంగు ఇటుకరంగులోకి తిరిగి, ముద్ద తన నూనె తానే వదిలి అంచుల్లోంచి మెరుస్తుంది. వాసన కూడా మారిపోతుంది, ముక్కు మంట పోయి తియ్యటి వాసన వస్తుంది. కక్ చూసే గుర్తు అదే. మన గోంగూర పచ్చడికైనా, చేపల పులుసుకైనా, మాంసం కూరకైనా అమ్మలు చూసే గుర్తు అదే కదా, నూనె పైకి తేలడం. కాబట్టి ఇది మనకి కొత్త విద్య కాదు, "రాదు" అనే సాకు మనకి లేదు. అప్పుడు చింతపండు రసం, తాటిబెల్లం, ఉప్పు వేసి, చక్రాల్లా తరిగిన ఉల్లిపాయ వేసి, ఇంకో పది నిమిషాలు. తీపి నాలికకి తెలియాలి. కారప్పచ్చడి అనుకుని తీపి తగ్గించేవాళ్ళున్నారు, వద్దు.

సరుకు మార్చుకోవచ్చని ఊరికే అనలేదు. అక్కడ ఇకాన్ బిలిస్ అని అమ్మే చిన్న చేపలు మన నెత్తళ్ళే. కాకినాడలో మా పెద్దమ్మకి అక్కణ్ణుంచి తెచ్చిన పాకెట్టు చూపిస్తే "దీనికోసం విమానం ఎక్కావా" అంది. తేడా ఏంటంటే అక్కడివి ఉప్పునీళ్ళలో ఒక ఉడుకు ఉడికించి ఎండబెడతారు, శుభ్రంగా ఉంటాయి. మనవి చాలాచోట్ల ఇసుక మీదే ఎండుతాయి కాబట్టి తలలు తుంచి, రెండుమూడు నీళ్ళలో కడిగి, మళ్ళీ ఎండలో పెట్టి అప్పుడు వేయించాలి. లెంకువాస్ మన దుంపరాష్ట్రం. ఎండుది ఆయుర్వేద సరుకులమ్మే కొట్లలో ఉంటుంది, పచ్చిదానంత బాగుండదు కానీ కొబ్బరిపాలలో మాంసం ఇగరబెట్టి చేసే రెండాంగ్‌లో వేస్తే తెలిసిపోతుంది, అల్లం వేసి సరిపెట్టుకున్నదానికంటే నయం. నిమ్మగడ్డి ఇప్పుడు కుండీలేని ఇల్లు లేదు. కాంకుంగ్ అంటే చెరువుల్లో పెరిగే తూటికూర, మనవాళ్ళు చాలామంది దాన్ని కూరగా మర్చేపోయారు. పచ్చి ఆకులు సాంబల్‌తో నంజుకునే ఉలామ్‌లో పెగాగా అనే ఆకు ఉంటుంది, మన సరస్వతి ఆకు. గులా మెలాకా అనే అక్కడి బెల్లం బదులు మన తాటిబెల్లం, దిగుల్లేదు.

బెలాచాన్ ఒక్కటే కాస్త ఇబ్బంది. చిన్న రొయ్యల్ని ఉప్పుతో దంచి, పులియబెట్టి, ఎండబెట్టి అచ్చులు పోసిన సరుకు అది. ఎండు రొయ్యపొట్టు దోరగా వేయించి పొడికొట్టి ఉప్పు కలిపితే ముప్పాతిక రుచి వస్తుంది, ఆ పులిసిన లోతు రాదు. దొరికితే తెచ్చుకోండి, ఒక ముక్క నెలలు వస్తుంది. కాల్చేటప్పుడు మాత్రం అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, వంటింటి తలుపు వేసి కాల్చండి. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో మొదటిసారి వాసన వచ్చినప్పుడు డ్రైనేజీ లీకవుతోందని అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. నేను చప్పుడు చేయలేదు.

పని ముఖ్యం, సరుకు కాదు అన్నదానికి నాకు దొరికిన పెద్ద సాక్ష్యం రెండాంగ్. 2018లో బ్రిటన్ మాస్టర్‌షెఫ్ పోటీలో మలేషియాలో పుట్టిన ఒకావిడ నాసి లెమాక్‌తో చికెన్ రెండాంగ్ చేసి పెడితే, జడ్జీలు చికెన్ తోలు కరకరలాడలేదు, తినలేకపోయాం అన్నారు, ఆవిడ పోటీలోంచి బయటికి వెళ్ళిపోయింది. ఇక చూడాలి గొడవ. మలేషియా, ఇండోనేషియా, సింగపూర్, మామూలుగా ఏ వంట ఎవరిదని కొట్టుకునే మూడు దేశాల జనం ఒక్కటైపోయారు. మలేషియాలో అప్పుడు ఎన్నికల వేడి, ప్రధాని నజీబ్ రజాక్, ఆయన్ని దించడానికి బరిలోకి దిగిన మహతీర్ మొహమ్మద్ ఇద్దరూ ఈ విషయంలో మాత్రం ఒకే మాట మీద నిలబడ్డారు. జడ్జీలు కోడి బదులు పశుమాంసం ఉండాలనో, నిమ్మగడ్డి తక్కువైందనో అని ఉంటే ఇంత రచ్చ అయ్యేది కాదని నా నమ్మకం. కరకరలాడాలి అనడంతోనే ఆ వంట ఎలా తయారవుతుందో వాళ్ళకి తెలీదని బయటపడిపోయింది. గంటలకొద్దీ కొబ్బరిపాలలో ఉడికినదానికి తోలు కరకరలాడటమేమిటి!

రెండాంగ్ పుట్టిల్లు ఇండోనేషియాలో, పశ్చిమ సుమత్రాలోని మినాంగ్‌కబావ్ వాళ్ళ దగ్గర. ఊరు వదిలి, పరాయిచోటికి వెళ్ళి బతికి రావడం వాళ్ళ ఆచారంలోనే ఉంది, అలా వెళ్ళి మలేషియాలో నెగెరి సెంబిలాన్ రాష్ట్రంలో స్థిరపడ్డారు. మాంసాన్ని మసాలా ముద్ద, కొబ్బరిపాలతో పొయ్యి మీద పెడితే మొదట పలచటి పులుసు, అది గులాయ్. చిక్కబడితే కలియో. ఇంకా ఇంకా మరిగి నీరంతా ఇగిరిపోయి, కొబ్బరిపాలు నూనెగా విడిపోయి, ఆ నూనెలోనే మాంసం వేగి నల్లగా తిరిగితే అప్పుడు రెండాంగ్. మూడు నాలుగు గంటల పని. నీరు లేదు కాబట్టి త్వరగా చెడదు, ఫ్రిజ్‌లు లేని రోజుల్లో దూరప్రయాణాలకి మోసుకెళ్ళారంటే అందుకే. మలేషియావాళ్ళు ఇందులో కెరిసిక్ కలిపారు, కొబ్బరి తురుము దోరగా వేయించి నూనె కారేదాకా నూరిన ముద్ద. పేరాక్ రాష్ట్రంలో రెండాంగ్ తోక్ అని ఇంకా పొడిగా, నల్లగా చేస్తారు. నెగెరి సెంబిలాన్‌లో చిట్టి పచ్చిమిరపకాయలు, పసుపు వేసి మంట పుట్టిస్తారు. ఇన్ని మారినా ఇగిరేదాకా ఆగడం మాత్రం మారలేదు.

నేను కోడితో చేస్తే నాటుకోడే వాడతాను, బ్రాయిలర్ అయితే గంటకే పీలికలైపోయి ఎముకలు మిగులుతాయి. మాంసం తినని స్నేహితులకి లేత పనసకాయ ముక్కలతో చేస్తాను, అక్కడా పనసతో చేస్తారు. పనసకాయ రెండాంగ్‌ని చూసి మా ఆఫీసులో ఒకాయన ఇది రెండాంగ్ కాదు అన్నాడు. ఆయనే ఒకసారి కుక్కర్‌లో మూడు విజిల్స్‌కి మటన్ ఉడికించి, పైన కొబ్బరిపాలు పోసి రెండాంగ్ అని పెట్టాడు. ఎవరిది కాదో మీరే చెప్పండి.

దీనికి ఒక గట్టి ఎదురువాదం ఉంది, నాకు తెలుసు. "మలేషియా తిండంతా కలగాపులగమే కదా, ఎవరెవరో వలస వచ్చి ఎవరెవరి వంటలో మార్చేస్తే పుట్టింది, మరి మేం పోపు పెడితే నీకేంటి?" న్యాయమైన ప్రశ్నే. పెనాంగ్‌లో నాసి కందర్ పుట్టించింది తమిళ ముస్లింలు. కావిడికి ఒకవైపు అన్నం, ఒకవైపు కూరలు వేలాడదీసుకుని ఓడరేవు పనివాళ్ళకి అమ్మేవాళ్ళు. రోటి చనాయ్ మన పరోటాకి చుట్టమే. చైనా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో న్యోన్యా వంట పుట్టింది. పేరాక్‌లో బగాన్ దాతుక్ వైపు కొబ్బరి తోటల పనికి మన విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళినవాళ్ళ వారసులు ఇప్పటికీ తెలుగు మాట్లాడుతున్నారు. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. కలిసిపోవడం గురించి ఆ దేశానికి నేను పాఠం చెప్పక్కర్లేదు.

కానీ వాళ్ళు ఎలా మార్చారో చూడండి. నాసి కందర్ కొట్టులో కూర్చున్నప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పని, ఆ పులుసులన్నీ ఒకదాని మీద ఒకటి పోస్తుంటే "వద్దు, వేరే గిన్నెలో వేయండి" అనడం. మనం పప్పు తర్వాత కూర, కూర తర్వాత పులుసు, చివర పెరుగు అని వరస పాటించే జాతి. అక్కడ చేపల పులుసు, కోడికూర రసం, బెండకాయ పులుసు, అన్నీ కలిపి వరదలా పోయించుకుంటారు, ఆ కలయికలోనే అసలు రుచి. ఆ కొట్టువాళ్ళ తాతలు కూడా మనలాంటి వరస భోజనం నుంచే వెళ్ళారు. వాళ్ళు ఇంకొకరి వంటకి తమ పోపు పెట్టి పాత పేరు తగిలించలేదు, తరాలు పనిచేసి కొత్తదాన్ని పుట్టించి కొత్త పేరు పెట్టుకున్నారు. మీరూ పెట్టుకోండి. కొబ్బరిపాల అన్నంలో జీడిపప్పు వేసి పక్కన సాంబల్ పెట్టి దానికి మీ ఇంటిపేరు పెట్టుకోండి, నేనొచ్చి రెండుసార్లు వడ్డించుకుంటా.

పెట్టడం సంగతికొస్తే, ఈ తిండి గురించి నాకు అన్నిటికంటే నచ్చేది అదే. ఒకరు పంది ముట్టరు, ఇంకొకరు ఆవుని తినరు, మూడోవాళ్ళు నెలలో కొన్ని రోజులు శాకాహారం, అలాంటి మనుషులు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాల్సిన దేశం అది. కాబట్టి వంట కూడా అలాగే తయారైంది. అన్నం మధ్యలో, మిగతావన్నీ చుట్టూ, ఎవరికి కావలసింది వాళ్ళు. చేపకి హలాల్ పేచీ లేదు కాబట్టి చేపలు, రొయ్యలు, గుడ్లు చాలావరకు అందరికీ కుదురుతాయి. 2024 డిసెంబరులో యునెస్కో మలేషియావాళ్ళ పొద్దుటి ఫలహారాల సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది, నాసి లెమాక్, రోటి చనాయ్, తే తారిక్ అనే పాల టీ అన్నీ అందులోవే. అంత గుర్తింపు రుచికి మాత్రమే వచ్చిందని నేననుకోను. పండగొస్తే ఇంటి తలుపులు తీసి ఉంచి, మతంతో పనిలేకుండా ఎవరొచ్చినా భోజనం పెట్టే ఓపెన్ హౌస్ పద్ధతి ఒకటుంది. హరి రాయాకి (మన దగ్గర రంజాన్ పండగ), చైనీస్ కొత్త సంవత్సరానికి, దీపావళికి, ఎవరి పండక్కి వాళ్ళు తలుపులు తీస్తారు. రంజాన్ నెలలో కౌలాలంపూర్ కంపుంగ్ బారు మసీదు దగ్గర సాయంత్రం బుబూర్ లంబుక్ అనే జావ పంచుతారు, వరసలో నిలబడ్డవాళ్ళకి ఇస్తారు, నువ్వెవరని అడగరు. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్న పట్టింపు మనకెంతుందో కక్‌కీ అంతే ఉండేది. మా పులిహోర వెళ్ళిన గిన్నెలో ఒందే ఒందే వచ్చేవి, పచ్చటి చిన్న ఉండలు, కొరికితే లోపల కరిగిన బెల్లం, పైన కొబ్బరి కోరు.

ఇక్కడ సరుకు మార్చడానికి ఒక షరతుంది. ఏం వేశారో చెప్పాలి. ఒక ఆఫీసు పార్టీలో ఎవరో కాంకుంగ్ వేపుడు తెచ్చారు, ఆకుకూరే కదా అని శాకాహారుల వైపు పెట్టారు. అందులో బెలాచాన్ ఉంది. తిన్నావిడ పుట్టాక నీచు ముట్టని మనిషి, తర్వాత తెలిసి ఏడుపొక్కటే తక్కువ. "కొంచెమేగా, రుచి కోసం వేశాం" అన్నారు తెచ్చినవాళ్ళు. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. శాకాహారులకి పులియబెట్టిన సోయా ముద్దతోనో, ఎండు పుట్టగొడుగులు వేయించి పొడికొట్టిన దానితోనో సాంబల్ చేయొచ్చు, అరగంట వేయిస్తే అది కూడా నూనె వదులుతుంది, అది కూడా నిజమైన సాంబలే. నేను రెండు గిన్నెల్లో చేసి రెండు గరిటెలు పెడతాను, మూతల మీద పేపర్ టేపు అంటించి రాస్తాను. ముస్లిం స్నేహితులు వస్తుంటే చికెన్ ఎక్కడ కొన్నానో వాళ్ళు అడక్కముందే చెబుతాను. మా పెద్దమ్మకి శనివారం నీచు పనికిరాదు, ఆరోజు వేరే గిన్నెల్లోనే వండాలంటుంది, వండుతాను. అడిగితే చెబుదాంలే అనుకోవడం మర్యాద కాదు, అడగడానికి మొహమాటపడే మనుషులే ఎక్కువ.

ప్రయాణాలకి మనవాళ్ళు ఆవకాయ, కారప్పొడులు, చిన్న రైస్ కుక్కర్ మోసుకెళతారని అందరూ ఎగతాళి చేస్తారు. నేను చేయను, మలేషియావాళ్ళూ అంతే. హజ్ యాత్రకి వెళ్ళేవాళ్ళ పెట్టెల్లో సెరుండింగ్ అనే పొడి మాంసం, ఎండు సాంబల్ డబ్బాలు ఉంటాయి. పండక్కి సొంతూళ్ళకి కార్లలో వెళ్ళేవాళ్ళు హైవే మీద ఆగే చోట్ల పొట్లాలు విప్పుకుంటారు. ఏం మోసుకెళ్ళాలి అన్నదే నా ప్రశ్న. సాంబల్ సీసా ఒకటి ఉంటే చాలు, ఏ దేశంలోనైనా బియ్యం, గుడ్లు, కీరా, వేరుశెనగ గుళ్ళు, కొబ్బరిపాల డబ్బా దొరుకుతాయి. సాయంత్రానికి గదిలో నాసి లెమాక్ తయారు, పక్క గదివాళ్ళని కూడా పిలవొచ్చు. ఆవకాయతో ఆ పని కాదు, పరాయివాళ్ళకి ఆవకాయ పెడితే మర్యాదగా ఒక ముక్క నాకి నీళ్ళు తాగుతారు. సాంబల్‌లోని తీపి వాళ్ళని రెండో ముద్దకి పిలుస్తుంది.

సాంబల్ మోయడానికి కాస్త జాగ్రత్త కావాలి. బాగా చల్లారాక సీసాలో నొక్కి నింపి, పైన వేలెడు నూనె నిలబడేలా పోసి, మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, మూత చుట్టూ టేపు, ఆపైన రెండు జిప్ కవర్లు. విమానంలో చేతిసంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల నిబంధన కింద తీసేసుకుంటారు, ముద్దలన్నీ ద్రవం లెక్కే, పెద్ద పెట్టెలోనే పెట్టండి. ఆస్ట్రేలియాలాంటి చోట్లకి వెళితే ఫారంలో తిండి ఉందని రాసేయండి.

అరకులో ఒకసారి సరదా అయింది. స్నేహితులతో వెళ్ళాం, నా సంచిలో మామూలుగానే సాంబల్, కొబ్బరిపాల పాకెట్లు ఉన్నాయి. రోడ్డు పక్కన బొంగులో చికెన్ చేస్తున్న అతన్ని చూడగానే నాకు లెమాంగ్ గుర్తొచ్చింది. వెదురు బొంగులో అరటాకు చుట్టి, జిగురు బియ్యం, కొబ్బరిపాలు పోసి నిప్పుల పక్కన ఏటవాలుగా నిలబెట్టి కాల్చే అన్నం అది, హరి రాయాకి రెండాంగ్‌తో తింటారు. మాకో బొంగులో అన్నం వండిపెడతారా అంటే ఆ అబ్బాయి నవ్వి సరేనన్నాడు. మామూలు బియ్యమే పోశాం. చికెన్ ముప్పావుగంటలో అయిపోతుంది, లెమాంగ్‌కి నాలుగైదు గంటలు తిప్పుతూ ఉండాలి. గంట కాగానే "మేడమ్, ఇక తీసేద్దామా, వేరే గిరాకీ ఉంది" అన్నాడు. పైన ఉడికింది, మధ్యలో పలుకు. దాన్నే సాంబల్‌తో తిన్నాం, అతనికీ పెట్టాం, సీసా అడుగుదాకా ఊడ్చాడు. లెమాంగ్ అని మాత్రం నేను ఒప్పుకోలేదు, మా వాళ్ళు ఇప్పటికీ నన్ను దీని మీద ఆటపట్టిస్తారు.

ఆఖరుగా, ఇంట్లో చేయొద్దని నేను చెప్పేవి కొన్ని ఉన్నాయి, ఇదీ నా వాదనలో భాగమే. చార్ క్వే తియావ్, ఆ వెడల్పాటి బియ్యప్పిండి నూడుల్స్ వేపుడు, మన ఇంటి స్టవ్ మీద రాదు. పెనాంగ్‌లో వీధిలో వండే మనిషి మూకుడు కింద మంట భగ్గుమంటుంటే ఒక్కో పళ్ళెం విడిగా నిమిషాల్లో వేయిస్తాడు, ఆ పొగ వాసనే దాని ప్రాణం. సరుకంతా తెచ్చినా మన దగ్గర ఆ మంట లేదు. నలుగురికి ఒకేసారి వేస్తే ఉడికిన ముద్దవుతుంది. అది అక్కడికెళ్ళి తినండి, పంది కొవ్వు లేకుండా హలాల్‌గా చేసే కొట్లు కూడా బోలెడున్నాయి. రోటి చనాయ్ గాల్లో తిప్పి పొర సాగదీయడం కూడా ఆదివారం పూట వచ్చే విద్య కాదు. ఫ్రీజర్‌లో దొరికే మలబార్ పరోటా తెచ్చి కాల్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు, పక్కకి పలచటి పప్పు కాచుకోండి, కాస్త చేపల పులుసు ఉంటే దాని మీదే పోసేయండి. వేరే గిన్నెలో వద్దు.